నర్మదా పరిక్రమలో తెలియనివాళ్ల గడప ముందు నిలబడటం గురించి

మీరు అడిగింది ఇదీ: 2024 మేలో నర్మదా పుష్కరాలకు ఓంకారేశ్వర్ వెళ్లినప్పుడు తెల్లబట్టలు, చేతికర్ర, భుజాన చిన్న మూటతో నడిచిపోతున్న పరిక్రమవాసుల్ని, అంటే నర్మద చుట్టూ కాలినడకన ప్రదక్షిణ చేసేవాళ్లను, చూశారు. రిటైరయ్యాక మీరూ నడవాలనుకుంటున్నారు. నడకంటే భయం లేదు. "ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంటిముందు నిలబడి ఇంత అన్నం పెట్టండి, ఈ రాత్రికి పడుకోనివ్వండి అని ఎలా అడగడం? డబ్బిస్తే తీసుకుంటారా? ఒంటరి ఆడమనిషిని, ఎవర్ని నమ్మాలి? నా హిందీ కూడా అంతంత మాత్రం" అన్నారు.

నేను 2018 నవంబరులో, కార్తీక శుద్ధ ఏకాదశి దాటాక ఓంకారేశ్వర్‌లో మొదలుపెట్టి, 2019 ఏప్రిల్ చివరికి మళ్లీ అక్కడికే చేరాను. అప్పుడు నాకు 61. బ్యాంకులో 36 ఏళ్లు కౌంటర్ ఇవతల కూర్చున్నదాన్ని. అడిగేవాళ్లు ఎప్పుడూ అవతలివైపే ఉండేవాళ్లు. అందుకని మీ భయం నాకు బాగా తెలుసు. మోకాళ్ల గురించి కూడా అంత టెన్షన్ పడలేదు నేను. మొదటి రెండు రోజులూ ఎవర్నీ ఏమీ అడక్కుండా, సంచిలో ఉన్న అటుకులు నీళ్లలో నానబెట్టుకుని తిని, గుడి అరుగు మీద ముడుచుకుని పడుకున్నాను. అదేదో నిష్ఠ అనుకునేరు. ఉత్త మొహమాటం.

ముందు ఆ ఒడ్డున పద్ధతి ఎలా ఉంటుందో తెలిస్తే సగం బెరుకు పోతుంది.

నర్మద పొడవు 1,312 కిలోమీటర్లు. మధ్యప్రదేశ్‌లో అమర్‌కంటక్ దగ్గర పుట్టి పడమటికి పారి, గుజరాత్‌లో భరూచ్ దాటాక ఖంబాత్ సింధుశాఖలో కలుస్తుంది. రెండు ఒడ్డులూ కలిపి లెక్కేస్తేనే 2,600 దాటుతుంది. పైగా బర్గీ, ఇందిరా సాగర్, ఓంకారేశ్వర్, సర్దార్ సరోవర్ ఆనకట్టల వెనక నీళ్లు నిలిచిన చోటల్లా చుట్టు తిరగాలి. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టే నది ఎప్పుడూ కుడిచేతి పక్కనే ఉండాలి. మధ్యలో ఎక్కడా నదిని దాటకూడదు. అందుకే ఓంకారేశ్వర్‌లో మొదలుపెట్టినవాళ్లు నది నడుమ దీవి మీదున్న జ్యోతిర్లింగం దగ్గరికి పరిక్రమ పూర్తయ్యేదాకా వెళ్లరు. సంప్రదాయం ప్రకారం అయితే మూడేళ్ల మూడు నెలల పదమూడు రోజులు. వానాకాలం నాలుగు నెలలూ చాతుర్మాస్యమని ఎక్కడో ఒకచోట ఆగిపోవాలి. నాలాంటివాళ్లు అయిదారు నెలల్లో ముగిస్తారు.

మీ ప్రశ్నకు సంబంధించిన నియమం ఇంకొకటి ఉంది. పరిక్రమవాసి డబ్బూ, తిండీ కూడబెట్టుకోకూడదు. ఏ పూటది ఆ పూటే. అంటే అడగడం ఇక్కడ గతిలేక చేసే పని కాదు, యాత్రలో భాగం. పెట్టేవాళ్లు కూడా అలాగే చూస్తారు. నర్మదమ్మ ఏ రూపంలోనైనా గడపలోకి రావచ్చని అక్కడివాళ్ల నమ్మకం. పొద్దున పెట్టే ఫలహారాన్ని బాల్‌భోగ్ అంటారు. టీని కూడా ప్రసాదమనే ఇస్తారు. వండిపెట్టే తీరిక లేకపోతే పిండి, పప్పు, ఉప్పు కొలిచి ఇస్తారు, దాన్ని సదావ్రత్ అంటారు. "ఆసన్ లగావో" అన్నారంటే మీ పక్క పరుచుకోమని, అంటే ఈ రాత్రికి మీకు చోటు దొరికిందని అర్థం. ఎదురుపడ్డ ప్రతివాళ్లూ "నర్మదే హర్" అంటారు, మీరూ అదే అనాలి. మీ హిందీ గురించి బెంగ వద్దు. ఈ నాలుగు మాటలతో నేను రెండు వారాలు నెట్టుకొచ్చాను.

అయిదో మాట తెలియకపోవడం వల్ల పరువు పోయింది. మూడో రోజు సాయంత్రం, నిమాడ్ ప్రాంతంలో ఒక ఊరు. పత్తి తీసే రోజులు. ఒకావిడ వసారాలో పత్తి కుప్ప పక్కన కూర్చుని చెత్త ఏరుతోంది. ఆ రోజు అటుకులు కూడా అయిపోయాయి. గేటు బయటే నిలబడి "నర్మదే హర్" అన్నాను. ఆవిడ తలెత్తి "నర్మదే హర్! కిత్‌నీ మూర్తి?" అంది. ఎన్ని మూర్తులు అని. నా దగ్గర విగ్రహాలు ఉన్నాయేమోనని అడుగుతోంది కాబోలు, పూజ చేయించుకుంటారేమో అనుకుని, సంచి దించి, తాళ్లు విప్పి, అడుగునున్న వెంకటేశ్వరస్వామి చిన్న పటం తీసి చూపించి, "మూర్తి లేదమ్మా, ఫొటో ఒక్కటే ఉంది" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక పక్కింటావిణ్ని కేకేసి పిలిచింది. ఇద్దరూ నవ్వారు. తర్వాత పక్కింటావిడ కూతురు చెప్పింది: పరిక్రమవాసుల్ని మనుషులని లెక్కపెట్టరట, మూర్తులని లెక్కపెడతారట. ఎంతమందికి వండాలి అని అడిగిందావిడ. "ఏక్ మూర్తి" అనాలి, అంతే.

ఆ రాత్రి వంటింట్లో వాళ్ల మధ్య కూర్చుని తిన్నాను. వెంకటేశ్వరస్వామి కూడా గూట్లో వాళ్ల దేవుళ్ల పక్కన పడుకున్నాడు.

ఇప్పుడు ఎలా అడగాలో చెబుతాను. నేను దెబ్బలు తిని నేర్చుకున్నదే.

తిండితో మొదలుపెట్టకండి. నీళ్లు అడగండి. మంచినీళ్లు ఇవ్వడానికి ఎవరికీ బరువుండదు, కాదనే ఇబ్బంది కూడా ఉండదు. చెంబు ఖాళీ చేసేలోపు వాళ్లు మిమ్మల్ని చూస్తారు, మీరు వాళ్లను చూస్తారు. ఎక్కడినుంచి వస్తున్నారు, ఒక్కరేనా, కాళ్లు ఎలా ఉన్నాయి లాంటివి అడుగుతారు. పెట్టే ఉద్దేశం ఉన్నవాళ్లు ఆ రెండు నిమిషాల్లో వాళ్లే అంటారు. అనలేదంటే ఆ ఇంట్లో ఏదో ఇబ్బంది ఉంది: జబ్బుపడ్డ మనిషో, మైలో, లేక పిండి డబ్బా అడుక్కి రావడమో. దండం పెట్టి కదలండి. అయిదున్నర నెలల్లో నాకు "లేదు, పో" అన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎందుకంటే "లేదు" అనాల్సిన పరిస్థితిలోకి వాళ్లను నెట్టకుండా ఉండటం త్వరగానే నేర్చుకున్నాను.

అన్నం అడిగితే వాళ్లు వండాలి. చోటు అడిగితే మాత్రం ఉన్న అరుగే చూపిస్తారు. అందుకని నేను ఎప్పుడూ "రాత్రికి ఈ వసారాలో పడుకోవచ్చా" అనే అడిగేదాన్ని. అన్నం దానంతట అదే వచ్చేది. రాకపోయిన రోజులు మూడో నాలుగో ఉంటాయి.

వేళ కూడా ముఖ్యం. నాలుగు గంటలకల్లా ఊళ్లోకి చేరండి. చీకటిపడ్డాక వచ్చిన మనిషిని చూస్తే ఎంత మంచివాళ్లయినా ముందు జంకుతారు. పైగా పొయ్యి ఆర్పేశాక మళ్లీ వెలిగించాలి. నాలుగింటికి వస్తే ఇంకో రెండు రొట్టెలకు పిండి కలపడం వాళ్లకు పెద్ద పని కాదు. ఆశ్రమం ఉన్న ఊళ్లో అయితే ముందు ఆశ్రమానికే వెళ్లండి. అది లేనిచోటే ఇళ్లు.

ఇచ్చింది తీసుకోవడం తేలిక అనుకుంటాం. నాకు నడకంతటిలో కష్టమైంది అదే. దాని గురించి చెప్పాలంటే శూల్‌పాణి ఝాడీ గురించి చెప్పాలి.

ఝాడీ అంటే అడవి. దక్షిణ ఒడ్డున బడవానీ దాటాక కొండలు మొదలవుతాయి. మహారాష్ట్రలో నందుర్‌బార్ జిల్లా మీదుగా గుజరాత్‌లోకి దిగేదాకా భిల్లుల ఊళ్లే. పాతకాలంలో ఇక్కడికొచ్చిన పరిక్రమవాసుల్ని ఒంటిమీద బట్టలతో సహా దోచుకునేవాళ్లని కథలు కథలుగా చెబుతారు. అలా దోపిడీ అయిపోవడం కూడా నర్మదమ్మ పెట్టే పరీక్షేనని యాత్రికులు అనుకునేవారట. దోచుకున్నవాళ్లను "మామ" అని పిలిచేవారు. ఇప్పటికీ అక్కడి మగవాళ్లను పరిక్రమవాసులు మామ అనే పిలుస్తారు. మనకూ మామ అంటే మామే కాబట్టి నాకు ఆ పిలుపు సులువుగా వచ్చేసింది. ఇప్పుడు ఆ మామలే దారిలో ఆపి నీళ్లిస్తున్నారు. సర్దార్ సరోవర్ నీళ్లలో పొలాలూ ఇళ్లూ పోగొట్టుకున్నవాళ్లు వాళ్లలో చాలామంది. నేను నడిచిన కొన్ని నెలలకే, 2019 సెప్టెంబరులో, జలాశయం మొదటిసారి పూర్తి మట్టం 138.68 మీటర్లకు నిండింది. ఆ దారి ఇప్పుడు అలాగే ఉంటుందనుకోకండి, దారి అడుగుతూనే వెళ్లాలి.

డిసెంబరు చలి. రోజంతా ఎక్కడం, దిగడం. కొండ మలుపులో ఒక్కటే గుడిసె. ముసలాయన, ఆయన కోడలు, ఇద్దరు పిల్లలు. ఆయన నన్ను చూసి ఒక్కమాట మాట్లాడకుండా ఉన్న ఒక్క నులకమంచాన్నీ తెచ్చి గుడిసె ముందు వేశాడు. కోడలు మట్టి పెనం మీద మొక్కజొన్న రొట్టెలు కాల్చింది. మినపపప్పు, పచ్చిమిరపకాయలు నూరిన కారం. నాకు రెండు రొట్టెలు పెట్టింది. అరచేయంత మందం. ఆకలి మీదున్నాను, ఇంకోటి వేస్తే అదీ తిన్నాను. చేయి కడుక్కోవడానికి లేచి చూస్తే బుట్టలో ఇంకొక్కటే మిగిలి ఉంది. నలుగురు మనుషులు, ఒక్క రొట్టె. ఆవిడ దాన్ని ముక్కలు చేసి పిల్లలకు పెట్టి, తను గిన్నెలో మిగిలిన పప్పులో ఉప్పు వేసుకుని తాగింది. ముసలాయన "ఆకలి లేదు" అన్నట్టు చేయి ఊపాడు. ఆ మూడో రొట్టె నా గొంతులోనే ఉండిపోయింది.

రాత్రి రెండింటికి మెలకువ వస్తే పిల్లలు నేల మీద గోనెసంచులు కప్పుకుని, మేకను ఆనుకుని పడుకున్నారు. ఉన్న ఒక్క దుప్పటి నా మీద ఉంది. లేచి వాళ్ల మీద కప్పాను. తెల్లారి చూస్తే మళ్లీ నా మీదే ఉంది.

అప్పట్నుంచి ఒక లెక్క పెట్టుకున్నాను. గడపలో నిలబడ్డప్పుడే ఇంట్లో ఎంతమందో చూడటం. పెట్టకముందే "నాకు రాత్రిపూట ఒక్క రొట్టె చాలు, డాక్టరు చెప్పాడు" అనడం. కంచంలో వేశాక వద్దంటే నొచ్చుకుంటారు, వేయకముందు చెబితే ఏమీ అనుకోరు. డాక్టరు పేరు చెప్పి అబద్ధమాడటం తప్పేమో, నాకైతే చీమకుట్టినట్టు కూడా లేదు. టీకి కూడా ఇదే ఉపాయం. ఊరికి పది ఇళ్లు పిలుస్తాయి, పదిచోట్లా తాగితే కడుపు పాడవుతుంది. "షుగర్ ఉంది" అంటే నవ్వి వదిలేస్తారు, నల్లబెల్లంతో కాచి తెచ్చేవాళ్లూ ఉంటారు, అది వేరే సంగతి.

దుప్పటి మాత్రం మీదే మోసుకెళ్లండి. బరువు తగ్గించుకోవాలని అన్నీ వదిలేసేవాళ్లు ఉంటారు. వాళ్లు వదిలేసిన బరువు రాత్రికి ఎవరో పేదవాళ్ల ఇంటి మీద పడుతుంది.

ఇక డబ్బు. సూటిగా చెప్పాలంటే ఇళ్లలో ఇవ్వకండి. గుజరాత్ వైపు ఒక ఇంట్లో వెళ్లేముందు ఆ ఇల్లాలి చేతిలో 200 రూపాయలు పెట్టాను. ఆవిడ కాదనలేదు, కోపం తెచ్చుకోలేదు. తీసుకుని లోపలికి వెళ్లింది. హమ్మయ్య అనుకుంటూ చెప్పులు వేసుకుంటున్నాను. కుంకుమ పళ్లెంతో బయటకు వచ్చి, నా నుదుట బొట్టు పెట్టి, కాళ్లకు దండం పెట్టి, నా చేతిలో దక్షిణ పెట్టింది. అదే 200, పైన ఇంకో 11 రూపాయలు. ఆ ఒడ్డున పరిక్రమవాసికి దక్షిణ ఇవ్వడం మామూలే. ఇచ్చింది తిప్పి ఇవ్వకూడదు. నోరెత్తకుండా తీసుకుని బయటపడ్డాను. నా బ్యాంకు సర్వీసులో ఇంత శుభ్రంగా నన్ను ఎవరూ బోల్తా కొట్టించలేదు.

హుండీ ఉన్న ఆశ్రమాల్లో వేయండి, అన్నదానానికి రసీదు రాసేచోట రాయించండి. కొన్ని ఆశ్రమాలు రోజుకు వందమందికి వండుతున్నాయి, వాళ్లకు నిజంగా అవసరం. ఇళ్లలో మాత్రం పని చేయండి. వెల్లుల్లి ఒలవండి, పప్పులో రాళ్లు ఏరండి, గిన్నెలు తోమండి. మొదట "అయ్యో మాతాజీ" అంటారు. మీరు చీపురు పట్టుకుని వదలకపోతే ఊరుకుంటారు. పిల్లలకు బిస్కెట్లు, చాక్లెట్లు పంచుతూ వెళ్లే అలవాటు నాకు నచ్చదు. ఝాడీలో దారి పక్కన పిల్లలు బడి మానేసి చేతులు చాచి నిలబడటం చూశాను. అది మనలాంటివాళ్లు నేర్పిందే.

మీకు వచ్చిన విద్య ఏదో ఒకటి పనికొస్తుంది. దిండోరీ దాటాక ఒక గోండు ముసలావిడ ఇంట్లో ఉన్నాను. మాటల్లో నేను బ్యాంకులో పనిచేశానని తెలిసి పెట్టెలోంచి ప్లాస్టిక్ కవర్ తీసింది. అందులో రెండు పాస్‌పుస్తకాలు, ఆధార్ కార్డు. వితంతు పింఛను ఏడాదిగా ఆగిపోయిందని, అడగడానికి ఎవరూ లేరని చెప్పింది. పుస్తకాలు చూడగానే విషయం అర్థమైంది. ప్రభుత్వం నేరుగా వేసే డబ్బు, ఆధార్‌తో చివరగా ఏ ఖాతాను ముడిపెడితే అందులో పడుతుంది. ఆవిడకు ఎవరో రెండో ఖాతా తెరిపించారు. డబ్బు అందులో పడుతోంది, ఆవిడ పాత పుస్తకం పట్టుకుని పాత బ్యాంకుకే వెళ్తోంది. మర్నాడు నా నడక ఆపి, ఆవిడతో కలిసి రెండో ఖాతా ఉన్నచోటుకు వెళ్లాను. పుస్తకం అచ్చు వేయిస్తే వరసగా పన్నెండు నెలల పింఛను కనిపించింది. ఆవిడ అంకెలు చదవలేదు కానీ వరసల్ని వేలితో లెక్కపెట్టుకుంది. ఆ పూట నాకు పెట్టిన అన్నం నేను మొహమాటం లేకుండా, ఇంకాస్త అడిగి మరీ తిన్నాను.

ఇచ్చిపుచ్చుకోవడం ఇంకోచోట వేరేగా ఉంటుంది. జపాన్‌లో షికోకు దీవి చుట్టూ 88 ఆలయాలు కలుపుతూ దాదాపు 1,200 కిలోమీటర్ల కాలినడక యాత్ర ఉంది. అక్కడ యాత్రికులకు దారిలో పండో, టీయో, కొన్ని నాణేలో ఇవ్వడాన్ని ఒసెట్టై అంటారు. కాదనకూడదు. తీసుకున్నవాళ్లు తమ పేరు రాసిన చిన్న కాగితపు చీటీని బదులుగా ఇస్తారు. దాని గురించి చదివాక నేనూ చివరి నెల్లో చిన్న చీటీల మీద తెలుగులో నా పేరు, ఊరు రాసి ఇచ్చేదాన్ని. ఆ గుండ్రటి అక్షరాలు చూసి ముచ్చటపడి దేవుడి గూట్లో పెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

నమ్మకం విషయానికి వస్తే, అందరూ మంచివాళ్లే అని చెప్పను. అలా చెప్పేవాళ్లు సగమే నడిచి ఉంటారు, లేదా మగవాళ్లయి ఉంటారు.

నేను పాటించిన పెద్ద సూత్రం ఒకటే. నేను చూసి ఎంచుకుని అడిగిన మనిషి వేరు, నన్ను చూసి ఎంచుకుని వచ్చిన మనిషి వేరు. బావి దగ్గర నీళ్లు తోడే ఆడవాళ్లు, గడపలో బియ్యం చెరిగే ముసలావిడ, బడి పంతులమ్మ, వీళ్లను నేను ఎంచుకున్నాను. ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. బైక్ మీద వచ్చి పక్కన ఆపి "మాతాజీ, రాత్రికి ఎక్కడ? మా ఇంటికి రండి" అన్నవాళ్లలో నూటికి తొంభైమంది నిజంగా మంచివాళ్లే అయ్యుంటారు. మిగతా పదిమంది ఎవరో మొహం చూసి చెప్పలేం కదా. వాళ్లకు నా జవాబు: "ముందు ఊళ్లో మా వాళ్లు పదిమంది ఎదురుచూస్తున్నారు." మన మజిలీ ఎక్కడో మనంతట మనం ఎవరికీ చెప్పక్కర్లేదు. బండి ఎక్కమంటే "కాలినడక వ్రతం" అంటే చాలు, పట్టుబట్టరు. ఇల్లు ఎంచుకున్నాక కూడా ఇంట్లో ఆడవాళ్లు కనిపించేదాకా గడప దాటకండి. రాత్రి ఎనిమిదికి ఇంటికి ఫోన్ చేసి ఊరిపేరు, ఇంటి యజమాని పేరు మీకు చోటిచ్చినవాళ్లకు వినబడేటట్టే చెప్పండి. మంచివాళ్లు అందుకు నొచ్చుకోరు. పైగా ఫోన్ లాక్కుని మీ పిల్లలతో మాట్లాడతారు.

ఒక ఆశ్రమంలో, పేరు అనవసరం, సాయంత్రం అయిదున్నరకు వెళ్తే ఒంటరి ఆడవాళ్లకు చోటు లేదని గేటు వేసేశారు. జంటలకు, గుంపులకు ఇస్తున్నారు. ఏడుపొచ్చినంత పనయింది, కాళ్లలో బొబ్బలు పగిలి ఉన్నాయి. ఎదురుగా టీకొట్టు నడిపే ఆవిడ అంతా చూస్తోంది. ఏమీ ఓదార్చలేదు. స్టవ్ మీద బకెట్‌లో నీళ్లు పెట్టి, అందులో గుప్పెడు ఉప్పు వేసి, నా ముందు పెట్టి "కాళ్లు పెట్టు" అంది. తర్వాత కొట్టు కట్టేసి, ఇంటికి వెళ్లకుండా ఆ రాత్రి నాతోపాటు కొట్టులోనే పడుకుంది. రాత్రంతా వాళ్లాయన మీద చాడీలు చెప్పింది. నాకు సగం అర్థం కాలేదు. సగం అర్థమైంది, ఎందుకంటే అవి అన్ని భాషల్లోనూ ఒకటే. మర్నాడు ఆశ్రమం వాళ్లు ఆవిడ దగ్గరే టీ తెప్పించుకున్నారు. ఆవిడ మామూలుగానే పంపింది.

ఒంటరిగా మొదలుపెట్టినా ఒంటరిగా మిగలరు. సముద్రం దగ్గర అది బాగా తెలుస్తుంది. దక్షిణ ఒడ్డున విమలేశ్వర్‌లో పడవెక్కి, ఖంబాత్ సింధుశాఖ దాటి, ఉత్తర ఒడ్డున మీఠీ తలాయి దగ్గర దిగాలి. సముద్రం వైపు నదిని దాటకుండా అవతలి ఒడ్డుకు చేరడానికి అదే దారి. పోటు వస్తేనే పడవ కదులుతుంది, ఆ పోటు పగలు రావచ్చు, అర్ధరాత్రి రావచ్చు. నేను అక్కడ రెండు రోజులు పడిగాపులు కాశాను. వందమందికి పైగా ఉన్నాం. మరాఠీ వాళ్లే ఎక్కువ. నాసిక్ వైపు నుంచి వచ్చిన ముగ్గురు ఆడవాళ్లు నన్ను వాళ్ల గుంపులో కలిపేసుకున్నారు. పడవలో నాకు వాంతులు మొదలైతే ఒకావిడ నా తల తన ఒళ్లో పెట్టుకుని, దిగేదాకా కొంగుతో మొహం తుడుస్తూనే ఉంది. అవతలి ఒడ్డున బురదలో దిగాక ఎవరి వేగం వాళ్లది. రెండు రోజులకు విడిపోయాం. ఆవిడ పూర్తి పేరు కూడా నాకు తెలియదు. ఇలా విడిపోవడం అలవాటు చేసుకోవాలి. ప్రతి ఒక్కరి ఫోన్ నంబర్ తీసుకుని గ్రూపు పెట్టేయాలని మొదట్లో అనిపిస్తుంది, నేనూ 40 నంబర్లు తీసుకున్నాను. ఇప్పటికి మాట్లాడేది ఇద్దరితో.

అన్నట్టు, మిమ్మల్ని ఇంట్లో పడుకోనిచ్చినవాళ్ల ఫొటోలు, ఊరి పేరు, నంబరు కలిపి ఇంటర్నెట్‌లో పెట్టకండి. మంచి ఉద్దేశంతోనే పెడతారు, "ఈ మామ దేవుడు, తప్పక వెళ్లండి" అని. ఇప్పుడు పరిక్రమకు వచ్చే జనం బాగా పెరిగారు. రోజుకు ఇద్దరికి రొట్టె పెట్టే ఇంటికి ఇరవైమంది వస్తే ఏమవుతుంది? అలా తలుపు మూసేసిన ఒక ఇంటిని చూశాను. వాళ్లను తప్పుపట్టలేం.

వెంటనే అంత దూరం వద్దనుకుంటే చిన్న పరిక్రమ ఒకటుంది. గుజరాత్‌లో తిలక్‌వాడా, రామ్‌పురా దగ్గర నర్మద కొంతదూరం ఉత్తరంగా పారుతుంది. చైత్రమాసంలో ఆ ముక్క వరకే చుట్టి వస్తారు. ఉత్తరవాహిని పరిక్రమ అంటారు. దాంట్లో నది దాటతారు, పూర్తి పరిక్రమ నియమాలు వర్తించవు. ఒక్క రోజులో అయిపోతుంది. జనం విపరీతంగా ఉంటారు కాబట్టి వారం మధ్యలో, తెల్లవారుజామునే మొదలుపెట్టండి. తిండికి, నీళ్లకు అడగాల్సిన పనే ఉండదు, దారి పొడవునా మజ్జిగ, నీళ్లు పట్టుకుని నిలబడి ఉంటారు. మీరు మాత్రం ఆ గుంపులు దాటాక ఏదో ఒక ఇంటిముందు ఆగి, దాహం వేయకపోయినా సరే, నీళ్లు అడగండి. ఎన్ని మూర్తులని అడిగితే సంచి మాత్రం విప్పకండి.